మూరెడు దూరంలో విభూతి చుక్క

పోయిన ఆదివారం మా బావమరిది తెనాలి నుంచి వచ్చాడు. బీచ్ చూశాడు, మాల్ చూశాడు, ఇక చూపించడానికి నా పాత ఉద్యోగం తప్ప ఏమీ మిగల్లేదు. అందుకని ఎగ్మూరులో హాకీ మ్యాచ్‌కి తీసుకెళ్ళాను. ఆట మొదలయ్యే ముందు నీలం టర్ఫ్ మీద నీళ్ళు కొట్టారు. నీళ్ళు ఆగాక ఒక ఆటగాడు నడుచుకుంటూ వచ్చి గోల్ ముందున్న వంపు గీత దగ్గర మోకరిల్లాడు. మోచేతిని గీతకు ఆనించి, గోల్‌కు దూరంగా, బయటి వైపుకి ముంజేతిని నేల మీద పరిచాడు. మధ్యవేలి కొస ఎక్కడ ఆనిందో అక్కడ, సాక్స్‌లోంచి తీసిన కాగితం పొట్లంలోని విభూతి చిటికెడు పెట్టాడు.

"ఏంటి బావా, హాకీకి కూడా పూజేనా?" అని నవ్వాడు మావాడు.

"పూజ కాదురా, కొలత" అన్నాను. ఆ కొలతను మొదలుపెట్టిన మనిషి గురించి చెప్పాలంటే, ముందు నేను చేసిన ఘనకార్యం చెప్పుకోవాలి. మావాడికి చెప్పలేదు. ఇంటికొచ్చాక కూడా అదే మనసులో మెదులుతుంటే ఇలా రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. జట్టులో అందరికీ ఆయన ‘అన్న’. తమిళ కుర్రాళ్ళకీ అన్నే, పంజాబీ గోల్‌కీపర్‌కీ అన్నే. ఈ తమిళ ఊళ్ళోనే, చింతాద్రిపేటలో పుట్టిన తెలుగువాడు. వాళ్ళ పూర్వీకులు ఎప్పుడొచ్చి అక్కడ స్థిరపడ్డారో ఇంట్లో ఎవరికీ తెలియదు. "మా తాతలంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకోని కూర్చున్నోళ్ళు తమ్ముడూ. మా వంశంలో లేచి పరిగెత్తినోణ్ణి నేనొకడినే" అనేవాడు. మైదానంలో తమిళంలో అరిచేవాడు. అంపైర్ మీద హిందీలో గొణిగేవాడు. అడుగులు మాత్రం తెలుగులో లెక్కపెట్టుకునేవాడు. ఈ సంగతి నాకు తెలియడానికి కారణం, ఒకసారి ప్రాక్టీసులో ఆయన చొక్కాకి మైకు తగిలించాను. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు" అని మెల్లగా, పిల్లవాడు మెట్లెక్కినట్టు వినిపించింది. అయిదో అడుగుకి ఎడమకాలు ఎప్పుడూ ఒకే చోట పడేది.

నేను ఆ జట్టుకి వీడియో మనిషిని. అంతకు ముందు ఓఎంఆర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసి, విసుగెత్తి, ఆటలంటే ఉన్న పిచ్చితో ఇటు వచ్చాను. మ్యాచ్‌లు రికార్డు చేయడం, ముక్కలు ముక్కలుగా కోయడం, ఎవరు ఎక్కడ తప్పు చేశారో కోచ్‌కి చూపించడం నా పని. ఒక్క గోల్ కొట్టడం చేతకాకపోయినా అందరి తప్పులూ చెప్పే ఉద్యోగం. ఆయన నన్ను మొదటిరోజే పట్టేశాడు.

"యా ఊరు మీది?"

"తెనాలండీ."

"అదే అనుకున్నా. నీది రేడియో తెలుగు తమ్ముడూ, వార్తలు చదివినట్టు ఉండాది. టీ తాగతావా?"

"అలాగేనండీ."

"చూడు, మళ్ళీ! టీకి కూడా అలాగేనండీ అంటా ఉండాడు" అని పక్కనున్న వాళ్ళకి తమిళంలో అర్థం చెప్పి మరీ నవ్వించాడు. ఆరోజు నుంచి నన్ను ‘అలాగే తమ్ముడు’ అనేవాడు. నాకు కోపం వచ్చేది కాదు. ఈ ఊళ్ళో అప్పటిదాకా నన్ను వెక్కిరించేంత దగ్గరివాళ్ళు లేరు.

ఒక ఓడల కంపెనీ ఆ జట్టును కొత్తగా కొన్నప్పుడు, అందరికంటే ఎక్కువ ధర పెట్టి తీసుకుంది ఆయన్నే. మూడేళ్ళ కాంట్రాక్టు. సంతకం పెట్టేముందు ఆయన పెట్టిన షరతు ఒకటే: తన బంతి ఆపేవాణ్ణి కూడా తీసుకోవాలి. అది అర్థం కావాలంటే పెనాల్టీ కార్నర్ సంగతి రెండు ముక్కలు చెప్పాలి. గోల్ పక్కన గీత మీంచి ఒకడు బంతిని బయటికి తోస్తాడు. వంపు గీతకి అవతల రెండోవాడు దాన్ని స్టిక్‌తో ఆపుతాడు. మూడోవాడు పరిగెత్తుకొచ్చి, నేలకి వంగి, ఆ బంతిని స్టిక్‌తో ఈడ్చి గోల్‌లోకి విసురుతాడు. బంతి ఒకసారి వంపు గీత పూర్తిగా దాటి బయటికి వెళ్ళి ఉండాలి. లేకపోతే గోల్ పడినా చెల్లదు. ఆ విసిరేవాడు మా అన్న. ఆపేవాడు వ్యాసర్పాడి మనిషి, రైల్వే యార్డులో పనిచేసిన తెలుగు కుటుంబం. ఎనిమిదేళ్ళుగా ఒకరికి ఒకరు. ఆయనది మూడేళ్ళ కాంట్రాక్టయితే, వీడిది ఏడాదికేడాది. మేం వాణ్ణి తంబి, అంటే తమ్ముడు, అనేవాళ్ళం, వాడికి ముప్ఫై దాటినా.

విభూతి చుక్క అన్నదే. చింతాద్రిపేట గుళ్ళో ఇచ్చిన విభూతిని పొట్లం కట్టి సాక్స్‌లో దోపుకునేవాడు. వంపు గీత నుంచి మూరెడు కొలిచి చుక్క పెట్టి, "ఈడ ఆపురా. ఈడ ఆగితే ఆడ పోతాది" అని గోల్ పై మూలను చూపించేవాడు. ఆటలో పది కాళ్ళు తొక్కితే ఆ చుక్క కనబడకుండా పోయేది. అయినా తంబి కంటికి అది కనబడుతూనే ఉండేదనుకుంటాను.

ఇంకో విచిత్రం ఉంది ఆయనలో. కూర్చునేవాడు కాదు. మొదటి ఏడు కూర్చున్నాడేమో నాకు గుర్తులేదు. మూడో ఏడు మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. మధ్యాహ్నం అందరం బల్లల దగ్గర కూర్చుని తింటుంటే ఆయన గోడకి భుజం ఆనించి, పళ్ళెం చేత్తో పట్టుకుని సాంబారన్నం తినేవాడు.

"కూర్చోండన్నా" అంటే, "నిలబడి తింటే అరుగుతాది. మీరంతా పొట్టలు పెంచతా ఉండారు" అనేవాడు. మీటింగుల్లో కూడా గోడే. బస్సులో కూడా, ఎంత దూరమైనా, డ్రైవర్ పక్కన కడ్డీ పట్టుకుని నిలబడి అతనితో కబుర్లు. అందరూ పెద్దాయన చాదస్తమనుకున్నారు. ఎదుటివాళ్ళ ఆరోగ్యం మాత్రం పొద్దున్నే వరసబెట్టి అడిగేవాడు. "మోకాలు ఎట్లుండాది?" ఇరవై ఏళ్ళ కుర్రాడి మోకాలికి ఏమవుతుంది? వాళ్ళు నవ్వేవాళ్ళు. తన నడుము సంగతి ఎవరూ తిరిగి అడగకుండా ఉండేందుకు ముందే అడిగేస్తున్నాడని నాకు ఆలస్యంగా తెలిసింది.

మూడో ఏడు ఆయన గోల్స్ తగ్గాయి. విసురులో వేగం తగ్గింది. స్టిక్ మార్చాడు. టర్ఫ్ మీద నీళ్ళు సరిగ్గా కొట్టడం లేదని మైదానం వాళ్ళతో తగువు పడ్డాడు. కంపెనీ మేనేజరు బొంబాయివాడు, ఆటకి వచ్చినప్పుడల్లా కోచ్‌తో ఆయన ధర గురించే మాట్లాడేవాడు. ఆ సంగతి నేను నసుగుతూ చెబితే అన్న నవ్వేశాడు.

"ఏనుగును కొన్నారు కదా తమ్ముడూ. ఇప్పుడు మేత చూసి ఏడస్తా ఉండారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటినాక బోడి మల్లయ్య. వీళ్ళది ఓడల కంపెనీ, వాళ్ళకి చెప్పాల్నా?"

ఆ ఏడే విభూతి పొట్లం తంబి సాక్స్‌లోకి మారింది. "నువ్వే పెట్టురా, నేను స్టిక్కుకు టేపు చుట్టుకోవాల" అన్నాడు ఒకరోజు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి పని చెప్పడం మామూలే కదా అనుకున్నాం. వంగి లేవడం ఆయన వల్ల కావడం లేదని ఎవరికీ తట్టలేదు. తంబికి తప్ప.

సెమీఫైనల్లో ఆఖరి నిమిషంలో మాకు పెనాల్టీ కార్నర్ వచ్చింది. స్కోరు సమానం. తంబి ఆపాడు, అన్న విసిరాడు, బంతి లోపల పడింది. మేమంతా గంతులేశాం. అవతలి జట్టు వీడియో చూడమని కోరింది. చూశారు. బంతి వంపు గీతను పూర్తిగా దాటలేదు, కాస్త అంచు గీత మీదే ఉంది. గోల్ చెల్లదన్నారు. తర్వాత షూటౌట్‌లో ఓడిపోయాం.

ఆ వారమంతా నాకు నిద్రాహారాలు లేవు. ఇన్నేళ్ళుగా ఒక్క బంతి తప్పని తంబి అంత చేరువలో ఎందుకు ఆపాడు? సీజన్‌లోని పెనాల్టీ కార్నర్లన్నీ తీసి, ప్రతిదాంట్లో బంతి ఆగిన చోటుకూ గీతకూ మధ్య దూరం కొలిచాను. నాకు దొరికింది. సీజన్ మొదట్లో మూరెడు. తర్వాత జానెడు. చివరికి నాలుగు వేళ్ళు. బంతి జరుగుతూ జరుగుతూ గీత మీదకి వచ్చేసింది. అన్న అయిదడుగులు ఎప్పుడూ ఒకే చోట పడతాయి కదా. బంతి గీతకి మూరెడు దూరంలో ఆగితే అది ఆయన ఎడమకాలికి వెనక పడుతుంది, బాగా వంగి, చెయ్యి వెనక్కి చాపి అందుకోవాలి. బంతి గీత వైపుకి ముందుకొస్తే అంత వంగక్కర్లేదు. తంబి ఆయన నడుముకి సాయం చేస్తున్నాడు, నెలల తరబడి, ఎవరికీ చెప్పకుండా.

ఇంత తెలిసినవాణ్ణి, నేను ఏం చేయాలి? ఒకసారి అన్న దగ్గరికెళ్ళి చెవిలో వేయాలి. నేను ఆ పని చేయలేదు. పసుపు గీతలు గీసి, క్లిప్పులు వరసగా కూర్చి, నా తెలివికి నేనే మురిసిపోయి, కోచ్‌కి పంపాను. కోచ్ భలే అన్నాడు. మేనేజరు కూడా వస్తానన్నాడు. నాకు జీతం పెంచుతారేమో అని కూడా అనుకున్నాను. దాచుకోవడం దేనికి?

మీటింగు పొద్దున పెట్టారు. మేనేజరు, కోచ్, అన్న, తంబి, నేను. అన్న మామూలుగానే గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేను క్లిప్పులు వేశాను. మొదటిది, రెండోది, మూడోది. ఆయన గోడ వదిలి తెర దగ్గరికి వచ్చాడు. పసుపు గీత మీద వేలు పెట్టాడు. తర్వాతి క్లిప్పులో మళ్ళీ పెట్టాడు. నేను ఆపేద్దామనుకున్నాను, కోచ్ కానివ్వమన్నాడు. ఆఖరి క్లిప్పు అయ్యాక ఆయన తంబి వైపు తిరిగి, చాలా మెల్లగా, తెలుగులో అడిగాడు.

"ఎప్పటి నుంచిరా?"

తంబి తల వంచుకున్నాడు. ఆ గదిలో తెలుగు తెలిసినవాళ్ళం ముగ్గురమే. ఆయన ముఖం నేను చూశాను. ఇంట్లో అందరికీ తెలిసిన జబ్బు తనకే ఆఖరున తెలిసినవాడి ముఖం అది. పద్దెనిమిదేళ్ళు ఆడినవాడికి బంతి జరిగిన సంగతి తెలియకుండా ఉంటుందా అని మీరు అడగొచ్చు. ఒకవేళ తెలుసుకోకూడదని అనుకున్నాడేమో. కానీ ఆ నిమిషానికి మాత్రం ఆయనకి తెలియదు, దానికి నేను సాక్ష్యం.

కోచ్ తంబిని ఇంగ్లీషులో నిలదీశాడు. చోటు మార్చమని ఎవరు చెప్పారు? "సొంత తెలివితో మార్చి సెమీఫైనల్ పోగొట్టావంటే ఇవాళే నీ ఆఖరి రోజు" అన్నాడు కోచ్. మేనేజరు అందుకున్నాడు. బాగా ఆడనందుకు పెద్దాయన కాంట్రాక్టు రద్దు చేయడం కుదరదట. దెబ్బ దాచిపెట్టి ఆడితే మాత్రం కుదురుతుందట, కాగితంలో ఉందట. అలా చెబుతూ అన్న వైపు చూశాడు. ఆయనకి ఇంకో నాలుగు నెలల గడువు ఉంది. నోరు మూసుకుని గోడకి ఆనుకుంటే చాలు. ఆ నాలుగు నెలల డబ్బూ ఆడినా ఆడకపోయినా ఆయనదే. పోయేది తంబి ఒక్కడే.

ఆయన తెర ముందు నుంచి కదలకుండా, వచ్చీరాని ఇంగ్లీషులో, ఒక్కో మాటా ఏరుకుని చెప్పాడు. తన నడుము ఏడాదిగా బాగా లేదు. డాక్టరుకి చెప్పలేదు. బంతి దగ్గరగా ఆపమని తనే చెప్పాడు. పెద్దవాడు చెబితే చిన్నవాడు ఏం చేస్తాడు?

"అన్నా!" అన్నాడు తంబి.

"నోరు మూయ్‌రా" అన్నాడు ఆయన, మళ్ళీ తెలుగులో. "నోరు తెరిచినావంటే నా గడప తొక్కొద్దు."

మేనేజరు అంతా రాసుకున్నాడు. అన్న ఒక నిమిషం ముందు అడిగిన ‘ఎప్పటి నుంచిరా’ అనే ప్రశ్నకి నేను ఇంగ్లీషులో అర్థం చెబితే చాలు, ఆ ఒప్పుకోలంతా తంబి కోసం ఆడిన అబద్ధమని తేలిపోయేది. ఆయనకి నాలుగు నెలలు మిగిలేవి, తంబి పోయేవాడు. ఆయన నిర్ణయాన్ని గౌరవించి ఊరుకున్నానని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. నిజం ఏమిటంటే భయపడ్డాను. మేనేజరు ముందు ఆ మాటకి అడ్డు చెప్పడానికి నోరు రాలేదు.

ఆ సాయంత్రం తంబి టీ కొట్టు దగ్గర నన్ను పట్టుకున్నాడు. "అన్న నాకు ఏమీ చెప్పలేదు సార్. సత్యంగా. నేనే జరిపినా. ఆయన నడుము పట్టుకోని అట్లనే నిలబడిపోతా ఉంటే చూడలేక జరిపినా" అన్నాడు. నాకు తెలుసన్నాను. "తెలిసి ఎందుకు సార్ చూపించినారు?" అన్నాడు. టీ చల్లారేదాకా అక్కడే నిలబడ్డాను. వాడు లోపలికెళ్ళి, విభూతి పొట్లం అన్న కిట్ మీద పెట్టేసి వెళ్ళిపోయాడు.

పది రోజుల తర్వాత అన్న తన స్టిక్కులు తీసుకుపోవడానికి వచ్చాడు. కాంట్రాక్టు అప్పటికే రద్దయింది. పరస్పర అంగీకారం అని ప్రకటన వచ్చింది. బయట టర్ఫ్ మీద ప్రాక్టీసు జరుగుతోంది. ఆయన నేరుగా నా గదికి వచ్చి తలుపు మూశాడు.

"ఆ ముక్కలు మళ్ళా ఒకసారి వెయ్యి తమ్ముడూ."

"వద్దన్నా."

"వెయ్యప్పా, సుమ్మా, ఊరికే చూస్తాను."

వేశాను. ఆయన ఈసారి బంతిని చూడలేదు. ఒకచోట ఆపమన్నాడు. వెనక్కి తిప్పమన్నాడు. "ఈడ చూడు" అని తంబి తల మీద వేలు పెట్టాడు. స్టిక్ నేలకి ఆనించే ముందు తంబి ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తున్నాడు. నేను ఆ క్లిప్పు ఎన్నిసార్లో చూశాను, ఎప్పుడూ గమనించలేదు. ఇంకోటి వేశాను. అందులోనూ తిరిగి చూస్తున్నాడు. అన్నింట్లోనూ అంతే.

"నా మొగం చూస్తా ఉండాడు. నేను గోల్ మూల చూస్తా ఉండాను, వాడు నన్ను చూస్తా ఉండాడు. ఈరోజు అన్నకి ఎట్లుండాది అని చూసి, దానికి తగినట్టు ఆపతా ఉండాడు."

మళ్ళీ మొదటి నుంచి కొలిచి చూశాం, ఇద్దరం. నేను రిపోర్టులో బంతి క్రమంగా ముందుకి జరిగిందని రాశాను. కాదు. నొప్పి లేని రోజు మళ్ళీ మూరెడు. పట్టేసిన రోజు నాలుగు వేళ్ళు. సెమీఫైనల్ రోజు ఆయన ముఖం నేనూ చూశాను ఆ తెర మీద. ఆ రోజు గీతకి అంత చేరువలో ఆపకుండా వాడు ఉండలేకపోయాడు.

అప్పుడు ఆయన కూర్చున్నాడు. నా పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని, రెండు చేతులూ దాని మీద ఆనించి, మెల్లగా కిందికి దిగాడు. ఆయన కూర్చోగా చూడడం నాకు ఆ ఏడాదిలో అదే మొదటిసారి. బయట స్టిక్కుల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఆ తర్వాత లేవబోయాడు. లేవలేకపోయాడు. నుదుటి మీద చెమట పట్టింది. ఇంకోసారి ప్రయత్నించాడు. కూర్చుంటే లేవలేడని, అందుకే ఏడాదంతా గోడలకి ఆనుకుని బతికాడని నాకు అప్పుడు తెలిసింది. నేను చెయ్యి అందించాను. నా ఒక్కడి వల్లా కాలేదు.

"తంబిని పిలవనా అన్నా?"

"వద్దొద్దు." గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు. "వాడు ఇది చూసినాడంటే రేపు నా బదులు విసిరే ఆ కొత్త పిల్లోడికి కూడా దగ్గరగానే ఆపతాడు. వాడి మనసు మంచిది కాదు తమ్ముడూ, మెత్తనిది. ఈసారి వాణ్ణి కాపాడేదానికి నేను ఉండను."

బల్ల పట్టుకుని, నా భుజం పట్టుకుని, మూడోసారికి లేచాడు. సాక్స్‌లోంచి తీయడానికి వంగలేక, పొట్లం ముందే చొక్కా జేబులో పెట్టుకొచ్చాడు. తీసి నా చేతిలో పెట్టాడు.

"వాడికి ఇయ్యి. మూరకి తగ్గకూడదని చెప్పు. ఎవురి మొగమూ చూడొద్దని చెప్పు."

"మీరే చెప్పండన్నా, బయటే ఉన్నాడు."

"నేను చెప్తే వాడు నన్ను చూస్తాడు కదప్పా" అని, స్టిక్కుల సంచీ భుజాన వేసుకుని, నా గది కిటికీ ముందు నుంచి నిటారుగా నడిచి వెళ్ళాడు. అక్కడి నుంచి మైదానం కనబడుతుంది, మైదానం నుంచి ఆ కిటికీ కూడా కనబడుతుంది. కిటికీ దాటి, గోడ చాటు వచ్చాక, గోడని పట్టుకున్నాడు.

పొట్లం తంబికి ఇచ్చాను. మొదటి మాట చెప్పాను, మూరకి తగ్గకూడదని. రెండో మాట చెప్పడానికి నోరు రాలేదు. అందుకని పోయిన ఆదివారం, మావాడు పక్కన నవ్వుతుండగా, మొదటి పెనాల్టీ కార్నర్ కోసం కళ్ళు చించుకుని చూశాను. తంబి స్టిక్ నేలకి ఆనించే ముందు ఒక్కసారి వెనక్కి తిరిగాడు. కొత్త కుర్రాడు పరుగుకి సిద్ధంగా, మంచి నడుముతో నిలబడి ఉన్నాడు. తంబి ఆ కుర్రాణ్ణి చూడలేదు. వాడి పక్కన ఎవరూ లేని చోటుని చూసి, తల తిప్పుకుని, బంతిని మూరెడు దూరంలో ఆపాడు.